ఫ్లైయాష్ సిమెంట్: ఏడాది ఆగి రాస్తున్న రివ్యూ

ఈ సిమెంట్‌తో మా ఇంటి స్లాబ్ పోసిన నాలుగో రోజునే రివ్యూ రాయడానికి కూర్చున్నాను. ఆ రోజు రాసి ఉంటే ఐదుకి రెండు స్టార్లు ఇచ్చేదాన్ని. ఇప్పుడు ఏడాది దాటింది, నాలుగున్నర ఇస్తున్నాను. ఈ ఏడాదిలో స్లాబ్ లోపల ఏం జరిగిందో చెప్పకపోతే ఆ తేడా ఎందుకో మీకు అర్థం కాదు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

నేను కాంక్రీట్ పరీక్షలు చేసే ల్యాబ్‌లో 19 ఏళ్ళుగా పని చేస్తున్నాను. క్యూబులు అనే కాంక్రీట్ ఘనాలు పోయడం, వాటిని నీళ్ళ తొట్టిలో పెట్టడం, రోజు రాగానే తీసి మెషిన్‌లో పగలగొట్టడం, రిజిస్టర్‌లో రాయడం నా పని. వేరేవాళ్ళ సిమెంట్ ఎంతో చూశాను గానీ సొంత ఇంటికి కొనడం ఇదే మొదటిసారి. పైకప్పు స్లాబ్‌కీ నీళ్ళ సంపుకీ ఫ్లైయాష్, అంటే బొగ్గు మండగా వచ్చే సన్నటి బూడిద, కలిపిన సిమెంట్ తీసుకున్నాను. పక్కన పోల్చి చూడడానికి మామూలు పోర్ట్‌ల్యాండ్ సిమెంట్ రెండు బస్తాలు విడిగా తెచ్చుకున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయేది ఈ రకం సిమెంట్ గురించి, ఏ కంపెనీదైనా దాని నడక దాదాపు ఇంతే.

ముందు బస్తా సంగతి. బస్తా రాగానే నేను చూసేది తయారైన తేదీ. మూడు నెలలు దాటితే పరీక్ష చెయ్యకుండా స్లాబ్‌కి వాడను. తర్వాత చెయ్యి లోపలికి పెట్టి ఉండలు ఉన్నాయేమో చూస్తాను. ఉండ దొరికితే వేళ్ళ మధ్య నలపాలి. పిండిలా రాలిపోతే భయం లేదు, బస్తాల బరువుకి అణిగి గట్టిపడిన పొడి అది. నలిపినా విడకపోతే గాలిలో తేమ తగిలి గింజల పైపొర అప్పటికే నీళ్ళతో కలిసిపోయిందని అర్థం. నాకు వచ్చినవాటిలో రెండు బస్తాలు అలాంటివే. అమ్మినచోట వాటిని నేల మీదే, గోడకి ఆనించి పెట్టారు. మార్చి ఇవ్వడానికి మూడు రోజులు తిప్పారు. సిమెంట్ తప్పు కాదు కాబట్టి స్టార్లలో కొయ్యలేదు గానీ, కొనేటప్పుడు బస్తాలు చెక్క పలకల మీద ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోండి.

రంగు మామూలు సిమెంట్ కన్నా కొంచెం ముదురు బూడిద. చాలామంది రంగు చూసి నాణ్యత చెబుతారు, అది నమ్మకండి. రంగు ఎక్కువగా లోపలి ఇనుము మీద, బూడిదలో కాలకుండా మిగిలిన బొగ్గు మీద ఆధారపడుతుంది. బలానికీ దానికీ నేరుగా సంబంధం లేదు.

ఇక లోపల ఏముందో చెప్పాలి. సున్నపురాయినీ బంకమట్టినీ పొడి చేసి, కలిపి, సుమారు 1450 డిగ్రీల సెల్సియస్ దాకా కాలిస్తే గోలీల్లాంటి నల్లటి ముద్దలు వస్తాయి. వాటిని క్లింకర్ అంటారు. దానికి కొద్దిగా జిప్సం చేర్చి మెత్తగా నూరితే మామూలు సిమెంట్. క్లింకర్ ముక్కని నున్నగా సానపట్టి మైక్రోస్కోప్ కింద పెట్టి చూసే అవకాశం నాకు ఉద్యోగంలో చేరిన కొత్తలో దొరికింది. కోణాలు తేరిన పలకల్లా కొన్ని, గుండ్రంగా ఒంటి మీద గీతలతో కొన్ని, వాటి సందుల్లో కరిగి గడ్డకట్టిన పదార్థం ఇంకొంత కనిపించాయి. 1897లో స్వీడన్ భూగర్భ శాస్త్రవేత్త టోర్నెబోమ్ కూడా ఇలాగే మైక్రోస్కోప్‌లో చూసి, అవి ఏమిటో ఇంకా తేలకముందే వాటికి ఎలైట్, బీలైట్ అంటూ పేర్లు పెట్టాడు. పలకలు ఎలైట్, గుండ్రటివి బీలైట్. రెండూ కాల్షియం సిలికేట్లే. మొదటిదానిలో సున్నం పాలు ఎక్కువ, రెండోదానిలో తక్కువ. సందుల్లో ఉండేవి అల్యూమినేట్, ఇనుము కలిసిన ఫెర్రైట్. మామూలు సిమెంట్‌లో సగానికి పైగా ఎలైటే ఉంటుంది. మొదటి నెల బలమంతా దాదాపు దానిదే. బీలైట్‌ది నిదానం. 28 రోజులకి ఎలైట్‌లో సుమారు 70 శాతం నీళ్ళతో కలిసిపోతే, బీలైట్‌లో 30 శాతం మాత్రమే కలుస్తుంది. అది పూర్తవడానికి ఏడాది పైనే పడుతుంది.

వీటిలో కొన్ని ప్రకృతిలోనూ దొరుకుతాయని తెలిసిన రోజు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఉత్తర ఐర్లాండ్‌లో లార్న్ ఊరి దగ్గర స్కాట్ హిల్ అని ఒక కొండ ఉంది. ఒకప్పుడు కరిగిన శిల భూమి లోపలినుంచి తన్నుకొచ్చి సుద్దరాయికి తగిలింది. సిమెంట్ బట్టీలో మనం చేసేదే అక్కడ దానంతట అదే జరిగింది. బీలైట్‌లాంటి ఖనిజాన్ని 1929లో టిల్లీ అనే శాస్త్రవేత్త అక్కడే గుర్తించి, ఆ ఊరి పేరు మీద లార్నైట్ అన్నాడు. సిమెంట్ గట్టిపడేటప్పుడు పుట్టే సున్నపు స్ఫటికానికి సరిజోడు కూడా అదే కొండలో 1933లో దొరికింది. సిమెంట్ పేరు మీదే దానికి పోర్ట్‌ల్యాండైట్ అని పేరు పెట్టారు. ఈ పోర్ట్‌ల్యాండైట్‌ని గుర్తుపెట్టుకోండి, నా రివ్యూ అంతా చివరికి దాని దగ్గరికే వస్తుంది.

నేను కొన్న సిమెంట్‌లో క్లింకర్‌తో పాటు ఫ్లైయాష్ ఉంది. బొగ్గు పొడిని మండించే పెద్ద కొలిమిలో మంటతో పాటు పైకి లేచే బూడిద అది. బొగ్గులోని మట్టి పాలు ఆ వేడికి కరిగి, బొట్లుగా మారి, గాలిలోనే గబుక్కున చల్లారుతుంది. స్ఫటికంగా కుదురుకునే సమయం లేక గాజుగా మిగిలిపోతుంది. మైక్రోస్కోప్‌లో చూస్తే నున్నటి గాజు గోలీలు, కొన్ని లోపల డొల్లగా కూడా ఉంటాయి. ముఖ్యంగా సిలికా, అల్యూమినా. గుండ్రంగా ఉండడం వల్ల ఒకదాని మీద ఒకటి దొర్లుతూ మాలుని జారుడుగా ఉంచుతాయి. స్లాబ్ పోసిన రోజు మా మేస్త్రీకి మొదట నచ్చింది ఇదే. "మేడమ్, నీళ్ళు తక్కువ పోసినా బాగా పారుతోంది" అన్నాడు. కాంక్రీట్ కడ్డీల కిందకి చక్కగా దిగింది, మూలల్లో తేనెపట్టులా ఖాళీలు పడలేదు. ఈ ఒక్క విషయంలో మొదటి రోజే పూర్తి మార్కులు వేశాను.

స్లాబ్‌కి రెండు రోజుల ముందు ఇంట్లోనే ఒక పరీక్ష చేశాను. ఎవరైనా చేసుకోవచ్చు కాబట్టి వివరంగా చెబుతాను. రెండు పాత థర్మోస్ ఫ్లాస్కులు తీసుకున్నాను. ఒక డబ్బాలో మామూలు సిమెంట్ అరకిలో, ఇంకో డబ్బాలో ఫ్లైయాష్ సిమెంట్ అరకిలో వేసి, ఒక్కోదానికీ 200 గ్రాముల నీళ్ళు కొలిచి పోసి, రెండేసి నిమిషాలు కలిపాను. మందపాటి ప్లాస్టిక్ సంచుల్లో వేసి ఫ్లాస్కుల్లోకి దించి, ఒక్కోదానిలో థర్మామీటర్ వైరు గుచ్చి, మూతి దూదితో బిగించాను. గదిలో 29 డిగ్రీలు. సాయంత్రం 7 గంటలకి మొదలుపెట్టి రాత్రంతా పావుగంటకోసారి లేచి రాసుకున్నాను.

నీళ్ళు తగిలిన మొదటి పది నిమిషాల్లో రెండూ కాస్త వేడెక్కాయి. ముందు ఉలిక్కిపడేది అల్యూమినేట్. జిప్సం లేకపోతే అది క్షణాల్లో నీళ్ళు తాగేసి, కలుపుతుండగానే మాలు బిగుసుకుపోతుంది. జిప్సం ఉన్నందువల్ల రెండూ కలిసి ఎట్రింగైట్ అనే సన్నటి సూదుల్లాంటి స్ఫటికాలుగా మారతాయి. దీనికీ ప్రకృతిలో ఒక ఊరుంది. జర్మనీలో ఎట్రింగెన్ దగ్గరి అగ్నిపర్వత శిలల్లో దొరికిన ఈ ఖనిజాన్ని 1874లో వర్ణించారు. ఒక్కో అణువుకి 30కి పైగా నీటి అణువుల్ని తనలో కట్టేసుకునే ఖనిజం ఇది. సిమెంట్‌లో ఈ చర్య మొదలవగానే అల్యూమినేట్ తొందర తగ్గుతుంది. బస్తాలో కొద్దిగా ఉండే ఆ జిప్సమే లేకపోతే కాంక్రీట్ కలపడానికీ మొయ్యడానికీ పొయ్యడానికీ మనకి సమయమే చిక్కదు.

తర్వాత రెండు గంటలకి పైగా సంఖ్య కదల్లేదు. ఈ నిశ్శబ్దం ఎందుకన్నదాని మీద శాస్త్రవేత్తలు దశాబ్దాల పాటు వాదించుకున్నారు. గింజ చుట్టూ ఒక పల్చటి పొర ఏర్పడి నీళ్ళని లోపలికి పోనివ్వదని కొందరు అన్నారు. పొర అక్కర్లేదు, నీళ్ళలో కాల్షియం బాగా పెరిగాక ఎలైట్ కరగడమే మందగిస్తుందని ఇంకొందరు అన్నారు. ఏదైనా, మన పనంతా జరిగేది ఆ నిశ్శబ్దంలోనే. బస్తా విప్పిన దగ్గర్నుంచి స్లాబ్ పైభాగం నున్నగా చేసేదాకా మనకి దొరికే గడువు అదే.

ఆ సమయంలో, ముద్ద ఎప్పుడు పట్టుకుంటుందో చూసే వికాట్ సూది పరీక్ష కూడా పెట్టాను. 40 మిల్లీమీటర్ల లోతున్న అచ్చులో ముద్ద నింపి, 300 గ్రాముల బరువున్న సన్నటి సూదిని దాని మీద వదలాలి. మొదట్లో సూది వెన్నలోకి దిగినట్టు అడుగుదాకా పోయింది. తర్వాత తర్వాత అడుగుకి రెండు మిల్లీమీటర్ల పైన, మూడు పైన, ఐదు పైన ఆగడం మొదలైంది. ఐదు దగ్గర ఆగినప్పుడు దాన్ని తొలి పట్టు అని రాసుకుంటాం. మామూలు సిమెంట్‌ది రాత్రి 9:20కి, దీనిది 10:15కి వచ్చింది. ఆఖరి పట్టు చూసే సూదికి చుట్టూ ఒక ఉంగరం ఉంటుంది. ముద్ద మీద సూది చుక్క పడి, ఉంగరం గుర్తు పడకపోతే పని అయినట్టు. 19 ఏళ్ళలో ఎన్ని వందల సార్లు చూశానో, ఆ ఉంగరం గుర్తు పడకుండా ఆగిన క్షణం నాకు ఇప్పటికీ కొత్తగానే ఉంటుంది. ఇంతకుముందే నీళ్ళలా కదిలిన ముద్ద రాయిగా మారడానికి ఒప్పుకున్న క్షణం అది.

ఫ్లాస్కుల్లో వేడి అప్పుడే ఎగబాకింది. ఎలైట్ కరిగి, కాల్షియం సిలికేట్ హైడ్రేట్ అనే జెల్ గింజల మీద ముళ్ళకాయలా మొలవడం మొదలైంది. దాంతో పాటు పోర్ట్‌ల్యాండైట్ పలకలూ పుడతాయి. సిమెంట్ బలమంటే ముఖ్యంగా ఆ జెల్ బలమే. గ్రాము సిమెంట్ పొడి పైవైశాల్యం అర చదరపు మీటరు లోపే ఉంటుంది. అదే గట్టిపడిన ముద్దలో గ్రాముకి సుమారు 200 చదరపు మీటర్లు కొలుస్తారు. అంత సన్నగా, అంత విస్తారంగా ఒకదాన్నొకటి అల్లుకోబట్టే కంకరనీ ఇసుకనీ పట్టి ఉంచుతుంది. మామూలు సిమెంట్ ఫ్లాస్కు తెల్లవారుజామున 4 గంటలకి 71 డిగ్రీలు చూపించి దిగడం మొదలుపెట్టింది. ఫ్లైయాష్‌ది 6:30కి 58 దగ్గర ఆగింది. ఆలస్యం, పైగా తక్కువ. క్లింకర్ పాలు తగ్గింది కాబట్టి వేడి తగ్గింది. బూడిద గోలీలు ఇంకా నిద్రలోనే ఉన్నాయి.

ఇక్కడ నన్ను బాధపెట్టే ఒక మాట గురించి చెప్పాలి. మనమందరం "సిమెంట్ ఆరింది" అంటాం. మట్టి ఆరుతుంది, బట్ట ఆరుతుంది. సిమెంట్ ఆరదు, పడుతుంది. నీళ్ళు బయటికి పోవడం వల్ల కాదు, నీళ్ళని లోపలికి తీసుకుని తనలో భాగం చేసుకోవడం వల్ల గట్టిపడుతుంది. నీళ్ళ అడుగున పోసినా గట్టిపడుతుంది. ఈ ఒక్క మాట తప్పుగా ఉండడం వల్ల ఎన్ని స్లాబులు పాడయ్యాయో నేను పగలగొట్టిన క్యూబులకి తెలుసు. ఆరడమే మంచిదనుకునేవాళ్ళు నీళ్ళు కొట్టడం ఆపేస్తారు. లోపల తేమ 80 శాతం కిందకి పడితే ఈ చర్య దాదాపు ఆగిపోతుంది. ఆగిన చోట ఆగినంత బలమే మిగులుతుంది.

నీళ్ళ లెక్క కూడా తెలుసుకుంటే మంచిది. షికాగోలోని ప్రయోగశాలలో పవర్స్, బ్రౌన్‌యార్డ్ అనే ఇద్దరు చేసిన పని 1946–47లో వచ్చింది. దాని ప్రకారం 100 గ్రాముల సిమెంట్ పూర్తిగా కలవాలంటే 23 గ్రాముల నీళ్ళు రసాయనికంగా కట్టుబడతాయి. జెల్ సన్నటి రంధ్రాల్లో ఇంకో 19 గ్రాములు ఇరుక్కుంటాయి. మొత్తం 42. అంతకన్నా ఎక్కువ పోసిన ప్రతి గ్రాము తర్వాత ఖాళీ రంధ్రంగా మిగులుతుంది. కలిపేటప్పుడు తక్కువ పొయ్యాలి, పట్టిన తర్వాత పైనుంచి ఎక్కువ కొట్టాలి. సైట్లలో నేను చూసేది సరిగ్గా దీనికి తిరగబడి.

స్లాబ్ పోశాం. రెండో రోజు ఉదయం మేస్త్రీ పక్క పలకలు విప్పుతానన్నాడు. మామూలు సిమెంట్‌కి అతను ఎప్పుడూ అలాగే చేస్తాడు. నేను ఆ సమయానికి ల్యాబ్‌లో ఉన్నాను. సాయంత్రం వచ్చి చూస్తే ఒక మూల జానెడు మేర విరిగి ఉంది. గోటితో గీస్తే తెల్లటి గీత పడింది. మేస్త్రీ ముఖంలో టెన్షన్ కనిపించింది.

"మేడమ్, ఇది సరుకు బాలేదు. నిన్నటిది ఇంకా ఆరలేదు చూడండి."

"ఆరక్కర్లేదన్నా, ఇది పట్టడానికే ఆలస్యం. మిగతా పలకలు రేపు సాయంత్రం దాకా ముట్టుకోవద్దు. స్లాబ్ కింద ఆనించిన పోట్లు నేను చెప్పేదాకా తియ్యొద్దు."

అతను సరేనన్నాడు గానీ నమ్మలేదు. నిజం చెప్పాలంటే మూడో రోజు క్యూబులు పగలగొట్టినప్పుడు నాకూ గుండె జారింది. అదే పాళ్ళతో పోసిన మామూలు సిమెంట్ క్యూబుకి అదే రోజున వచ్చిన బలం 100 అనుకుంటే, ఇది 64 దగ్గరే విరిగింది. ఏడో రోజుకి 75. రెండు స్టార్లు ఇచ్చేదాన్నని మొదట్లో చెప్పింది, మూడో రోజు క్యూబులు చూసిన మర్నాటి మాట. రోజులు లెక్కపెట్టుకుని పని చేసే కాంట్రాక్టర్‌కి ఈ సంఖ్యలు నిజంగా ఇబ్బంది. ఆ ఇబ్బందిని నేను తక్కువ చెయ్యను.

ఇంతకుముందు నేను పరీక్షలకి వెళ్ళిన ఒక సైట్‌లో ఇదే రకం సిమెంట్ వాడి, ఐదో రోజుకే నీళ్ళు కొట్టడం ఆపేశారు. ఎండాకాలం. నెల తర్వాత పైపొర చేత్తో రుద్దితే పొడి రాలింది. అందరూ సిమెంట్‌నే తిట్టారు. ఆ అనుభవం గుర్తుండబట్టే మా స్లాబ్ మీద అంచులకి గట్లు కట్టి నీళ్ళు నిలబెట్టాను. 14 రోజులు, ఒక్క పూట కూడా ఎండనివ్వలేదు. సంపు గోడలకి తడి గోనెలు వేలాడదీసి ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి పడుకునే ముందు తడిపాం. పక్కింటివాళ్ళు ఇంకా ఎన్నాళ్ళని అడిగేవారు.

ఎందుకంత పట్టుదల అంటే, బూడిద గోలీలు మేల్కొనేది అప్పుడే. గాజు మామూలు నీళ్ళకి లొంగదు. ఎలైట్ పని చేస్తున్న కొద్దీ రంధ్రాల్లోని నీళ్ళు క్షారగుణం పెరిగి ఘాటెక్కి, పీహెచ్ 13 చుట్టుపక్కలకి చేరతాయి. ఆ ఘాటుకి గాజు పైపొర మెల్లగా కరగడం మొదలవుతుంది. కరిగిన సిలికా పక్కనే ఉన్న పోర్ట్‌ల్యాండైట్‌తో కలుస్తుంది. కలిసి ఏమవుతుందంటే, మళ్ళీ అదే కాల్షియం సిలికేట్ హైడ్రేట్. అంటే ఎలైట్ పనికిరాదని పక్కన పెట్టిన సున్నాన్ని బూడిద అందుకుని బలంగా మారుస్తుంది. మామూలు సిమెంట్ ముద్దలో ఆ సున్నం పాలు తక్కువేం కాదు, ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా ఉంటుంది. బలానికి అది పెద్దగా పనికిరాదు. నీళ్ళు ఊరే చోటల్లా కరిగి బయటికి వచ్చి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి తెల్లటి చారలుగా గోడ మీద కనిపిస్తుంది. భూమిలో సల్ఫేట్ ఉంటే దానికి మొదట దొరికేదీ అదే. ఇటలీలో పొజ్జువోలి అగ్నిపర్వత బూడిదని సున్నంలో కలిపి రోమన్లు కట్టినప్పుడు జరిగిందీ ఈ చర్యే. ఆ ఊరి పేరు మీదే దీన్ని పొజోలానిక్ చర్య అంటారు.

కానీ ఇదంతా జరగాలంటే నీళ్ళు ఉండాలి, సమయం ఉండాలి. ఐదో రోజున ఆపేస్తే ఎలైట్ సగం పని చేసి ఆగుతుంది, బూడిద అసలు మొదలే పెట్టదు. అప్పుడు అది నిజంగానే వట్టి బూడిద.

28వ రోజు క్యూబు 93 దగ్గర విరిగింది. 90వ రోజు 106. ఏడాదికి 114. ఒక్కోసారి మూడేసి క్యూబుల సగటు, ఒకే కలుపు, అన్నీ నీళ్ళ తొట్టిలో ఉంచినవి. అంకెలు మీ చోట మీ సిమెంట్‌తో వేరుగా రావచ్చు. తొందరలో వెనకబడి, తర్వాత దాటిపోవడం మాత్రం నేను ల్యాబ్‌లో ఎన్నోసార్లు చూసిందే. 90వ రోజు క్యూబు విరిగిన ముఖం చూసి మేస్త్రీకి ఫోన్ చేశాను. చీలిక కంకర చుట్టూ తిరిగి పోలేదు, కంకర రాళ్ళని చీల్చుకుంటూ పోయింది. అంటే ముద్దకీ రాయికీ మధ్య పట్టు రాయితో సమానంగా నిలిచింది. సాధారణంగా రాయి ఒంటి చుట్టూ పోర్ట్‌ల్యాండైట్ పలకలు పేరుకుని ఒక బలహీనమైన అంచు ఉంటుంది. బూడిద ముందు తిన్నది ఆ అంచునే. మేస్త్రీ వచ్చి ఆ ముక్కని చేతిలో తిప్పి చూసి, ఒకటి జేబులో వేసుకుని వెళ్ళాడు.

సంపు గురించి ఒక్క మాట. ఏడాదిగా నీళ్ళు నింపే ఉంది. బయటివైపు గోడ మీద ఒక్క తెల్లచార లేదు. అదే వీధిలో మామూలు సిమెంట్‌తో కట్టిన పాత సంపు గోడ అతుకు దగ్గర సుద్ద పూసినట్టు ఉంటుంది. ఇసుక, నీళ్ళ పాళ్ళు, పనితనం అన్నీ వేరు కాబట్టి దీన్ని రుజువుగా చెప్పను. నాకు సంతోషం ఇచ్చింది కాబట్టి చెబుతున్నాను.

ఇప్పుడు అర స్టార్ ఎక్కడ కోశానో చెబుతాను. ఒకటి, నేను కొన్న బస్తా మీద ఫ్లైయాష్ కచ్చితంగా ఎంత శాతమో లేదు, ఇంత నుంచి ఇంత అని పరిధి మాత్రమే ఉంది. 15 శాతం బూడిదకీ 35 శాతం బూడిదకీ మూడో రోజు బలంలో చాలా తేడా వస్తుంది. పోట్లు ఎప్పుడు తియ్యాలో నిర్ణయించేవాళ్ళకి ఆ సంఖ్య తెలియాలి. రెండు, చలి రోజుల్లో ఇది మరీ మందగిస్తుంది. మామూలు సిమెంట్ కూడా చలికి తగ్గుతుంది గానీ గాజు కరగడానికి వెచ్చదనం ఇంకా ఎక్కువ కావాలి. మూడు, సున్నం తక్కువగా మిగలడం వల్ల ఒక నష్టం కూడా ఉంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి పోతున్న కొద్దీ కాంక్రీట్ ఘాటు తగ్గుతుంది. ఘాటు తగ్గిన చోట కడ్డీకి తుప్పు పట్టకుండా కాపాడే పొర పోతుంది. ఆ దారిలో అడ్డుగా నిలిచేది పోర్ట్‌ల్యాండైటే. బాగా తడిపిన కాంక్రీట్‌లో రంధ్రాలు సన్నబడతాయి కాబట్టి గాలి లోపలికి పోవడమే కష్టం, లెక్క సరిపోతుంది. సరిగ్గా తడపకపోతే మాత్రం రెండు విధాలా నష్టం.

ఈ మూడోదాని మీద నాకే అనుమానం ఉండి, ఏడాది నాటికి స్లాబ్‌తో పాటు పోసి ఆరుబయట వదిలేసిన రెండు దిమ్మెల్ని విరగ్గొట్టి చూశాను. ఒకటి 14 రోజులు తడిపింది, ఇంకోటి కావాలనే మూడో రోజుకే వదిలేసింది. విరిగిన ముఖాల మీద ఫినాల్ఫ్తలీన్ చల్లాను. ఘాటు ఉన్న చోట అది గులాబీ రంగుకి మారుతుంది, పోయిన చోట రంగు రాదు. తడిపిన దిమ్మె దాదాపు అంచుదాకా ముదురు గులాబీ, చుట్టూ గోరు మందాన మాత్రం సన్నటి బూడిద గీత. తడపని దిమ్మెలో ఆ బూడిద రంగు పట్టీ నా బొటనవేలు వెడల్పు ఉంది. రెండూ ఒకే బస్తా, ఒకే కలుపు, ఒకే రోజు. ఈ రెండు ముక్కల్నీ ల్యాబ్ కిటికీ దగ్గర పెట్టాను. ఫ్లైయాష్ సిమెంట్ మంచిదా కాదా అని ఎవరు అడిగినా ముందు వాటినే చూపిస్తున్నాను.

ఎవరు కొనాలంటే, పునాదులకీ సంపులకీ దళసరి కాంక్రీట్‌కీ నేను ముందు దీన్నే చెబుతాను. మందం పెరిగిన కొద్దీ లోపలి వేడి బయటికి పోలేక, చల్లారేటప్పుడు పగుళ్ళు వస్తాయి. అమెరికాలో హూవర్ డ్యామ్ కట్టినప్పుడు ఆ వేడిని తియ్యడానికి కాంక్రీట్ లోపల ఉక్కు గొట్టాలు పరిచి చన్నీళ్ళు పారించారు. వేడి తక్కువగా పుట్టే సిమెంట్ విలువ అక్కడ తెలుస్తుంది. స్లాబ్‌కి వాడేవాళ్ళు పోట్లు ఇంకో వారం ఎక్కువ ఉంచడానికీ, రెండు వారాలు నీళ్ళు కొట్టడానికీ సిద్ధపడితేనే తీసుకోండి. నీళ్ళు కొట్టే మనిషి దొరకని చోట, లేదా వారంలో పలకలు వేరే సైట్‌కి పోవాల్సిన చోట మామూలు పోర్ట్‌ల్యాండ్ సిమెంటే వాడుకోండి, తప్పేం లేదు.

నా దగ్గర ఈ కలుపుతో పోసిన క్యూబులు ఇంకా మూడు తొట్టిలో ఉన్నాయి. బీలైట్ ఇంకా కొంత మిగిలే ఉంటుంది, గోలీలు కూడా పూర్తిగా కరిగి ఉండవు. రెండో ఏడాది నిండాక వాటిని పగలగొట్టి, వచ్చిన సంఖ్యని ఈ రివ్యూ కిందే చేరుస్తాను.